ఊపిరి యంత్రాల కథ – 7: వదలలేని గాలి

పోలియో పిల్లల ఊపిరితిత్తులకి జబ్బేమీ లేదు. ఈ వారం కథంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. గత సంచికలో చూశాం: 1952 ఆగస్టు చివర్లో కోపెన్‌హాగెన్‌లోని బ్లెగ్డమ్ ఆసుపత్రిలో మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ పన్నెండేళ్ల పిల్లకి గొంతు దగ్గర గాటు పెట్టించి, గొట్టం దింపి, రబ్బరు సంచి పిసికాడు. ఆ తర్వాత సుమారు 1500 మంది విద్యార్థులు నెలల తరబడి వంతులేసుకుని అదే పని చేశారు. ఆ పిల్లలకి ఛాతీని ఆడించే కండరాలు చచ్చుబడ్డాయి. సంచి పిసికితే గాలి లోపలికి వెళ్లేది. వదిలితే ఊపిరితిత్తులు సాగే గుణం కొద్దీ తమంతట తామే ముడుచుకుని గాలిని బయటికి తోసేసేవి. ఊపిరి ఎలా బయటికొస్తుందన్న ఆలోచన ఎవరికీ రావాల్సిన అవసరమే పడలేదు.

అదే ఏడాది డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ని పొగమంచు కమ్మేసింది. ఇళ్లలో బొగ్గు పొయ్యిల పొగ, విద్యుత్ కేంద్రాల పొగ, కదలని చలిగాలి. అప్పట్లో కట్టిన లెక్క ప్రకారం మామూలు కన్నా ఎక్కువగా పోయినవాళ్లు 4000 మంది. తర్వాతి పరిశోధకులు ఆ లెక్కని 12,000 దాకా తీసుకెళ్లారు. పోయినవాళ్లలో చాలామంది ఏళ్లుగా దగ్గుతో, కఫంతో తీసుకుంటున్న పెద్దవాళ్లు. వాళ్ల జబ్బుని డాక్టర్లు క్రానిక్ బ్రాంకైటిస్ అనీ, ఎంఫిసీమా అనీ రెండు పేర్లతో పిలిచేవారు. ఇప్పుడు రెండింటినీ ఒకే మూటకట్టి సీఓపీడీ అంటున్నారు. మన ఊళ్లలో మాత్రం చుట్ట కాల్చే తాతకొచ్చినా, కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన నాయనమ్మకొచ్చినా అది ఆయాసమే.

ఒకే ఏడాదిలో సుమారు మూడు నెలల తేడాతో ఒక ఊరు ఊపిరి పోసే పద్ధతి కనిపెడితే, ఇంకో ఊరు ఊపిరాడని మనుషులు ఎంతమంది ఉన్నారో చూపించింది. రెండింటినీ కలపాలని ఎవరికైనా అనిపిస్తుంది. కలిపారు కూడా. అక్కడే చిక్కొచ్చింది.

ఈ జబ్బులో ఊపిరితిత్తి ఎలా పాడవుతుందో కాస్త చూడాలి. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టరు లెనెక్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే దీన్ని గమనించాడు. శవపరీక్షలో ఛాతీ తెరవగానే మామూలు ఊపిరితిత్తి చప్పున కుంచించుకుపోతుంది. ఎంఫిసీమా ఉన్న ఊపిరితిత్తి మాత్రం ఛాతీ నిండా ఉబ్బి అలాగే ఉండిపోతుంది. చిన్న చిన్న గాలిగదుల మధ్య గోడలు చిరిగిపోయి పెద్ద గదులైపోతాయి. ఆ గోడలకున్న సాగే గుణమే గాలిని బయటికి తోస్తుంది, సన్నటి వాయునాళాల్ని తెరిచి పట్టుకునేదీ ఆ గోడలే. అవి పోయాక ఊపిరి వదిలే సమయానికి నాళాలు మూతపడతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాకముందే తర్వాతి ఊపిరి వేళవుతుంది. ఆర్టీసీ బస్సులో దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకొచ్చినట్టు, పాత గాలి మీద కొత్త గాలి వచ్చి పడుతుంది. ఛాతీ పీపాలా ఉబ్బుతుంది. కింద గోపురంలా వంగి ఉండాల్సిన ఉదర వితానం బల్లపరుపుగా అణిగిపోతుంది. వంపు పోయిన కండరం ఎంత లాగినా గాలి రాదు. అందుకే ఆ రోగి మెడ కండరాలు తాళ్లలా బిగుస్తాయి, పెదవులు సున్నాలా చుట్టి ఊదినట్టుగా ఊపిరి వదులుతాడు. అలా వదిలితే లోపలి నాళాలు ఇంకాసేపు తెరిచి ఉంటాయని ఏ డాక్టరూ చెప్పకముందే అతనికి తెలుసు.

ఇలాంటి మనిషికి చలికాలంలో జలుబు చేసి ఛాతీలోకి దిగితే ఆసుపత్రికి వస్తాడు. ఒళ్లు నీలంగా మారి ఉంటుంది. ఎవరైనా ముందు చేసే పని ఆక్సిజన్ పెట్టడం. పెడితే నీలం పోయి బుగ్గలు ఎర్రబడేవి. రోగి శాంతించేవాడు, నిద్రపోయేవాడు. కొన్ని గంటలకి ఎంత లేపినా లేచేవాడు కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మెదడు మత్తెక్కిపోయేది. ప్రాణవాయువు పెడితే ప్రాణం మీదికి రావడమేమిటని ఒక తరం డాక్టర్లు తల పట్టుకున్నారు. కొందరు భయపడి ఆక్సిజన్ అసలే ఇవ్వడం మానేశారు. ఇంకొందరు గంటసేపు పెట్టి గంటసేపు తీసేసేవారు. నా ఉద్దేశంలో ఇది అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. పెట్టినప్పుడు పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ఒంట్లోనే ఉంటుంది. తీసేసిన నిమిషాల్లోనే ఆక్సిజన్ మునుపటి కన్నా కిందికి పడిపోతుంది.

ఈ ముడి విప్పినవాడు లండన్ డాక్టరు మొరాన్ క్యాంబెల్. ఊపిరి కండరాల మీద పుస్తకం రాసిన శరీరధర్మ నిపుణుడు. ఆలోచన చూడ్డానికి చాలా చిన్నది: ఆక్సిజన్ ఇవ్వాలి, ఆపకుండా ఇవ్వాలి, కానీ అతి కొద్దిగా ఇవ్వాలి. మామూలు గాలిలో ఉండేది 21 శాతం. దాన్ని 24కో 28కో పెంచితే చాలు. రక్తం ఆక్సిజన్‌ని పట్టుకునే తీరు ఎలాంటిదంటే, బాగా కిందికి పడిపోయిన మనిషికి ఆ మూడు నుంచి ఏడు శాతమే ప్రాణం నిలబెట్టేంత తేడా తెస్తుంది.

చెప్పడం తేలికే, ఇవ్వడమెలా? రోగి ఆయాసపడుతూ నిమిషానికి ఎంత గాలి లాగుతాడో ఎవరికీ తెలియదు. మామూలు మాస్కులో అతను గట్టిగా లాగితే ఆక్సిజన్ పలచబడుతుంది, మెల్లగా లాగితే చిక్కబడుతుంది. 1960లో లాన్సెట్ పత్రికలో క్యాంబెల్ దీనికో ఉపాయం ప్రకటించాడు. ఆక్సిజన్‌ని సూది బెజ్జం లాంటి సన్నటి రంధ్రంలోంచి వేగంగా వదలాలి. ఆ ధార పక్కనున్న కిటికీల్లోంచి బయటి గాలిని తనతో లాక్కుపోతుంది. రంధ్రం, కిటికీల కొలత మారనంత కాలం పాళ్లు మారవు. 24 శాతం కావాలంటే ఒక పాలు ఆక్సిజన్‌కి 25 పాళ్ల గాలి కలవాలి, 28 శాతానికి పది పాళ్లు చాలు. మొత్తం ప్రవాహం రోగి లాగే దానికన్నా ఎక్కువ కాబట్టి అతను ఎలా ఊపిరి పీల్చినా అందేది అదే పాలు. ఇందులో కరెంటు లేదు, మీట లేదు, పాడయ్యే భాగం లేదు. ఇవాళ్టికీ ఆసుపత్రుల్లో కనిపించే వెంచురీ మాస్కు ఇదే. 24కి నీలం ముక్క, 28కి తెల్ల ముక్క.

ఎక్కువ ఆక్సిజన్ ఎందుకు ముంచుతుందన్నదానికి ఆనాడు చెప్పిన కారణం సగమే నిజమని తర్వాత తేలింది. వీళ్ల మెదడు ఆక్సిజన్ తగ్గుదలని బట్టే ఊపిరి ఆడిస్తుంది, ఆక్సిజన్ ఇస్తే ఆ ప్రేరణ పోయి ఊపిరి మందగిస్తుంది అనేవారు. తరాల తరబడి మెడికల్ కాలేజీల్లో ఇదే చెప్పారు. 1980లో ఫ్రాన్స్‌లో మార్క్ ఓబియే బృందం కొలిచి చూస్తే ఊపిరి కాస్తే తగ్గింది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం చాలా పెరిగింది. అసలు కిటుకు ఊపిరితిత్తి లోపలే ఉంది. గాలి సరిగ్గా ఆడని గదులకి వెళ్లే రక్తనాళాల్ని ఊపిరితిత్తి బిగించి, రక్తాన్ని మంచి గదుల వైపు మళ్లిస్తుంది. ఆక్సిజన్ దండిగా అందితే ఆ బిగింపు వదులైపోతుంది. రక్తం మళ్లీ పనికిరాని గదులకి పోతుంది. పైగా ఆక్సిజన్ ఎక్కించుకున్న రక్తం కార్బన్ డయాక్సైడ్‌ని మునుపటంత మోయలేదు. కారణం మారినా క్యాంబెల్ వైద్యం మారలేదు. అర్ధశతాబ్దం తర్వాత ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సు సిబ్బంది 405 మంది రోగులతో దీన్ని పరీక్షకి పెట్టారు. కొందరికి అలవాటు ప్రకారం దండిగా ఆక్సిజన్, మిగతావాళ్లకి రక్తంలో ఆక్సిజన్ సంతృప్తత 88 నుంచి 92 శాతం ఉండేలా చూసుకుంటూ కొద్దికొద్దిగా. 2010లో వచ్చిన ఫలితం: మొదటి గుంపులో 9 శాతం మంది చనిపోతే, రెండో గుంపులో 4 శాతం. క్యాంబెల్ చెప్పి యాభై ఏళ్లయినా అంబులెన్సుల్లో అలవాటు మారలేదన్నది ఈ లెక్కలో దాగిన ఇంకో సంగతి.

యంత్రాల దగ్గరికొద్దాం. ఆక్సిజన్‌తో కుదరనివాళ్లకి గొట్టం వేసి వెంటిలేటర్ తగిలించేవారు. మొదటి దెబ్బ చిక్కుకున్న గాలి వల్ల కాక, యంత్రం మరీ బాగా పనిచేయడం వల్ల తగిలింది. ఏళ్ల తరబడి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న మనిషి మూత్రపిండాలు దాని ఆమ్లగుణాన్ని సరిదిద్దడానికి బైకార్బొనేట్‌ని దాచి పెట్టుకుంటాయి. వెంటిలేటర్ ఒక గంటలో కార్బన్ డయాక్సైడ్‌ని కడిగేస్తుంది. మూత్రపిండాలు దాచుకున్నది వదలడానికి మాత్రం రోజులు పడుతుంది. రక్తం ఒక్కసారిగా క్షారం వైపు ఒరిగిపోతుంది. 1964లో పీటర్ సేఫర్ తదితరులు (నోటితో ఊపిరి ఊదే ప్రథమ చికిత్సతో మనకి పరిచయమైన సేఫరే) ఇలా వెంటిలేటర్ మీద ఉన్న దీర్ఘకాల ఊపిరితిత్తుల రోగుల్లో నరాల వ్యవస్థ దెబ్బతిన్న సంగతి రాశారు. ఫిట్స్ వచ్చేవి, స్పృహ తప్పేది. రక్తపరీక్ష కాగితం మీద అంకెల్ని ఆరోగ్యవంతుడి అంకెలకి తేవాలన్న తొందరే రోగికి కీడు చేసింది. ఇతని మామూలు వేరు, అందరి మామూలు వేరు.

ఆ రోజుల్లోనే అమెరికాలో ఇంకో వేలంవెర్రి నడిచింది. ఫారెస్ట్ బర్డ్ అనే విమానచోదకుడు 1950ల చివర్లో ఆకుపచ్చ డబ్బా లాంటి చిన్న యంత్రం బజారులోకి తెచ్చాడు, బర్డ్ మార్క్ 7. తొలి నమూనాని కేకు డబ్బాలతో, తలుపు పిడితో చేశాడని చెప్పుకుంటారు. రోగి పీల్చబోతే అది పసిగట్టి గాలి తోసేది. గొట్టం అక్కర్లేదు, నోట్లో పెట్టుకుంటే చాలు. ఆయాసం ఉన్నవాళ్లందరికీ రోజుకి కొన్నిసార్లు పావుగంట చొప్పున ఇది పట్టించారు. చివరికి 985 మంది రోగులతో జరిగిన పరీక్ష 1983లో తేల్చిందేమిటంటే, మామూలు నెబ్యులైజర్ కన్నా దీనివల్ల ఒరిగిందేమీ లేదని. డబ్బా మూలపడింది. దాంతోపాటు గొట్టం లేకుండా గాలి తోయాలన్న ఆలోచన కూడా మూలపడింది, అదే నష్టం. పావుగంట చొప్పున ఇవ్వడం తప్పు గానీ ఆలోచన తప్పు కాదు.

ఈ కథలో నాకు అన్నింటికన్నా నచ్చిన ఘట్టం 1982ది. అమెరికాలో పాల్ పెపీ, జాన్ మరీనీ అనే ఇద్దరు డాక్టర్లు. వెంటిలేటర్ మీద ఉన్న సీఓపీడీ రోగులకి ఉన్నట్టుండి రక్తపోటు పడిపోయేది. గుండెపోటేమో, రక్తం పోయిందేమో, ఒళ్లు చీము పట్టిందేమో అని వెతికేవారు. యంత్రం మీద ఒత్తిడి చూపే ముల్లు ఊపిరి వదిలే సమయంలో బుద్ధిగా సున్నా దగ్గర ఉండేది. పెపీ, మరీనీ చేసింది ఇంతే: రోగి ఊపిరి వదలడం ముగిసి, యంత్రం తర్వాతి ఊపిరి పంపబోయే క్షణంలో బయటికిపోయే దారిని మూసేశారు. గాలి కదలడం ఆగింది. లోపలి ఒత్తిడి, గొట్టం ఒత్తిడి సమమయ్యాయి. సున్నా మీదున్న ముల్లు మెల్లగా పైకి లేచింది.

అంతసేపూ ఆ ఒత్తిడి ఛాతీ లోపలే ఉంది. బయటి ద్వారం తెరిచి ఉండటం వల్ల కొలిచే చోట మాత్రం సున్నా కనబడుతోంది. ఛాతీలో ఒత్తిడి పెరిగితే గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, రక్తపోటు పడుతుంది. దీనికి మందు ఏమిటంటే, వెంటిలేటర్ గొట్టాన్ని ఊడదీసి కొన్ని క్షణాలు ఊరుకోవడం! కంగారుపడే నర్సుకీ, ఇంటర్నుకీ ఇది మింగుడుపడని మాట. రోగి కుదేలవుతుంటే మనిషి చెయ్యి సంచి మీదికి పోతుంది, ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా పిసుకుతుంది. ఆ పిసుకుడే అతన్ని చంపుతుంది. గుండె ఆగిందని ఛాతీ నొక్కి, సంచి పిసికి, ఇక లాభం లేదని అన్నీ ఆపేశాక, కొద్ది నిమిషాలకి గుండె దానంతటదే కొట్టుకున్న సంఘటనలు వైద్య పత్రికల్లో అరుదుగా కనిపిస్తాయి. చిక్కుకున్న గాలి బయటికి పోయేందుకు అప్పటికి తీరిక దొరికిందని వాటికి చెప్పే వివరణల్లో ఒకటి.

లెక్క కూడా పెద్దదేమీ కాదు. నిమిషానికి 20 ఊపిరులు పంపితే ఒక్కోదానికి 3 సెకన్లు. ఒక సెకను లోపలికి పోతే వదలడానికి మిగిలేది రెండు. అదే 12కి తగ్గిస్తే ఒక్కో ఊపిరికి 5 సెకన్లు, వదలడానికి నాలుగు. రెట్టింపు వ్యవధి. కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువుంటే ఉండనీ, గాలి బయటికి రానీ అన్నదే కొత్త సూత్రం. ఇప్పటి వెంటిలేటర్ తెర మీద గాలి ప్రవాహాన్ని చూపే గీత ఉంటుంది. ఊపిరి వదిలేటప్పుడు కిందికి దిగి మెల్లగా సున్నా వైపు పాకుతుంది. అది సున్నాని తాకకుండానే తర్వాతి ఊపిరి మొదలైతే లోపల గాలి చిక్కుకుందన్నమాట. ఐసీయూలో పనిచేసేవాళ్లు రోగి మొహం కన్నా ముందు ఆ గీత చూస్తారు.

ఇంత తెలిసినా అసలు భయం పోలేదు: గొట్టం వేస్తే తీయగలమా? బలహీనమైన కండరాలు యంత్రానికి అలవాటుపడి పని మానేస్తాయి, గొట్టం వెంట సూక్ష్మజీవులు దిగి న్యుమోనియా వస్తుంది. 'వెంటిలేటర్ ఎక్కించారు' అనగానే మన ఇళ్లలో బంధువులకి ఫోన్లు వెళ్లడం ఊరికే అలవాటు కాలేదు.

దారి అనుకోని చోటి నుంచి వచ్చింది. సిడ్నీలో కాలిన్ సలివన్ గురకజబ్బు కోసం పనిచేస్తూ, వాక్యూమ్ క్లీనర్ మోటారుతో ముక్కులోకి గాలి ఊది నిద్రలో గొంతు మూసుకోకుండా ఆపాడు. 1981లో ఐదుగురు రోగుల మీద ఫలితాలు అచ్చయ్యాయి. దాంతో రాత్రంతా మొహానికి కట్టుకోగల మాస్కుల తయారీ మొదలైంది. పారిస్ శివారు క్రెటేలో లోరాన్ బ్రొషార్ బృందం అలాంటి మాస్కుతో వెంటిలేటర్ గాలిని సీఓపీడీ రోగులకి ఇచ్చి 1990లో తొలి ఫలితాలు చెప్పింది. 1995లో అసలు పరీక్ష బయటికొచ్చింది. 85 మంది రోగులు. మందులు, ఆక్సిజన్‌తో సరిపెట్టిన 42 మందిలో 31 మందికి చివరికి గొట్టం వేయాల్సి వచ్చింది, 12 మంది చనిపోయారు. మాస్కు కట్టిన 43 మందిలో గొట్టం పడింది 11 మందికి, చనిపోయింది నలుగురు. ఈ జబ్బు వైద్యంలో ఇంత స్పష్టమైన అంకెలు అరుదు.

మాస్కు రెండు ఒత్తిళ్లతో పనిచేస్తుంది (బైపాప్ అనేది దీన్నే). పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ. వదల్లేక చస్తున్నవాడికి వదిలేటప్పుడు కూడా ఎదురు ఒత్తిడెందుకు? లోపల చిక్కుకున్న గాలి ఒత్తిడి 8 ఉందనుకుందాం. రోగి పీల్చాలంటే ముందు ఆ 8ని తన కండరాలతో దాటాలి, అప్పుడుగానీ గాలి చుక్క లోపలికి రాదు. బయట 5 పెడితే అతను దాటాల్సింది మూడే. పీల్చే ముందు వృథాగా పోతున్న శ్రమ తగ్గుతుంది. మరీనీ మరి కొందరితో కలిసి 1980ల్లోనే ఈ సంగతి చూపించాడు.

కాగితం మీద ఇది సులువుగానే ఉంటుంది. మంచం దగ్గర మాత్రం ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషి మొహం మీద మాస్కు మూయడమంటే అతని దృష్టిలో ఊపిరి తీయడమే. చేత్తో తోసేస్తాడు. తెలిసిన నర్సు మొదట పట్టీలు బిగించదు. మాస్కుని అరచేత్తో పట్టుకుని, తక్కువ ఒత్తిడితో, మొహానికి ఆనిచ్చీ ఆనించకుండా నాలుగైదు ఊపిరులు ఇస్తుంది. యంత్రం తనతో కలిసి ఊపిరి తీస్తోందని అతనికి నమ్మకం కుదిరాక ఒక్కో పట్టీ కడుతుంది. గాలి కళ్లలోకి కారుతుంది, ముక్కు దూలం మీద చర్మం ఒరుసుకుపోతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. వైద్యం ఫలించేదీ ఫలించనిదీ చాలాసార్లు ఆ మొదటి అరగంటలో ఆ అరచేతి మీదే తేలుతుంది.

నర్సుల చేతికే దీన్ని ఇచ్చి చూద్దామన్నది బ్రిటన్‌లో ప్లాంట్, ఓవెన్, ఎలియట్‌ల ఆలోచన. 14 ఆసుపత్రులు, 236 మంది రోగులు, ఐసీయూ కాదు, మామూలు వార్డులు. 2000లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం చావులు 20 శాతం నుంచి 10కి తగ్గాయి. అయితే వచ్చేసరికే రక్తం బాగా ఆమ్లమైపోయినవాళ్లకి వార్డులో అంత లాభం కనబడలేదు. వాళ్లకి ఐసీయూ కావాల్సిందే. అంతకు ముందే 1998లో ఇటలీలో స్టెఫానో నావా గొట్టం తీయడానికీ మాస్కునే వాడాడు. రెండు రోజులకే గొట్టం తీసి మాస్కు కట్టినవాళ్లలో 60 రోజులకి 92 శాతం బతికి ఉంటే, గొట్టంతోనే కొనసాగినవాళ్లలో 72 శాతం. కరోనా రెండో విడతలో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో 'బైపాప్ బెడ్ ఎక్కడైనా ఉందా' అని తిరిగిన మాటకి మూలం ఈ పరీక్షల వరసే.

చివరి ఘట్టం ఇంట్లో. ఆసుపత్రి నుంచి వెళ్లాక కూడా రాత్రిళ్లు మాస్కు కట్టుకుంటే? ఈ ప్రశ్నకి జవాబు చాన్నాళ్లు 'లాభం లేదు' అనే వచ్చింది. కెనడాలో ఛాతీకి చుట్టు కట్టి బయటినుంచి లాగే యంత్రాలతో కండరాలకి విశ్రాంతి ఇచ్చి చూశారు, 1992లో వచ్చిన ఫలితం శూన్యం. మాస్కులతో చేసిన తొలి పరీక్షలూ అంతంతే. ఇన్నాళ్లూ తక్కువే మేలని నేర్చుకున్న వైద్యులు ఇక్కడ ఒత్తిడిని మరీ తక్కువ పెట్టారు. జర్మన్లు ఎదురు వాదించారు: కార్బన్ డయాక్సైడ్ నిజంగా దిగేదాకా ఒత్తిడి పెంచాల్సిందేనని. 2014లో జర్మనీ, ఆస్ట్రియాల్లో 195 మందితో చేసిన పరీక్షలో ఏడాది లోపు చనిపోయినవాళ్లు మాస్కు ఉన్న గుంపులో 12 శాతం, లేని గుంపులో 33 శాతం. గొట్టం ఉన్నవాడికి తొందరపడి చేస్తే కీడైన పనే, రాత్రికి కొన్ని గంటల చొప్పున వారాల మీద మెల్లగా చేస్తే మేలైంది. మూత్రపిండాలకి సర్దుకునే వ్యవధి దొరికింది కదా.

2017లో బ్రిటన్ పరీక్ష ఇంకో ప్రశ్న తీసుకుంది. ఆసుపత్రిలో చేరి బయటపడ్డ రోగికి కార్బన్ డయాక్సైడ్ అప్పుడే ఎక్కువుండటం మామూలే, చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే దిగుతుంది. దిగిందో లేదో రెండు నుంచి నాలుగు వారాలు ఆగి చూసి, దిగనివాళ్లకే యంత్రం ఇచ్చారు. ఉత్త ఆక్సిజన్‌తో ఇంటికి వెళ్లినవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరడానికో, చనిపోవడానికో పట్టిన మధ్యస్థ కాలం 1.4 నెలలు. ఆక్సిజన్‌తోపాటు మాస్కు యంత్రం పట్టుకెళ్లినవాళ్లకి 4.3 నెలలు. ఈ పరీక్ష కోసం రెండు వేల మందికి పైగా రోగుల్ని వడపోస్తే చివరికి తేలినవాళ్లు 116 మంది. యంత్రం ఎవరికి పెట్టాలో కన్నా ఎవరికి అక్కర్లేదో తేల్చడానికే వైద్యులకి ఎక్కువ శ్రమ పడింది.

(వచ్చే సంచికలో: శాన్‌ఫ్రాన్సిస్కో, 1971 – నెలలు నిండని పసికందులకి ఊపిరి పోసిన గ్రెగరీ)